బెంగళూరు నుంచి కొండెక్కేవాళ్లకు: పేర్లు తెలియకపోయినా అడవి రకాన్ని గుర్తుపట్టడం ఎలా

ట్రెక్‌కి వెళ్లొచ్చినవాళ్లను అడవి ఎలా ఉందని అడిగితే నూటికి తొంభై మంది "భలే పచ్చగా ఉంది" అనేసి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఒకే కొండ మీద కింద నుంచి పైకి మూడు నాలుగు రకాల అడవులు దాటి వచ్చి, అన్నిటికీ కలిపి ఒకే మాట చెప్పడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వృక్షశాస్త్రం చదవని మామూలు ఉద్యోగస్తులు కూడా కొంచెం ఓపిక పడితే, తాము ఏ రకం అడవిలో నిలబడ్డారో, అందులో వైవిధ్యం ఎంతో ఒక అంచనాకు రావచ్చు. దానికోసమే ఇది రాస్తున్నాను. మారతహళ్లిలోనో, కేఆర్ పురంలోనో ఉంటూ లాంగ్ వీకెండ్ రాగానే బ్యాగు సర్దేసే మన తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడి నుంచి ఒక రాత్రి ప్రయాణంలో చేరే కొండలే.

ముందే ఒక మాట. ఎత్తు బోర్డు చూసి అడవి రకం చెప్పేయొద్దు. "వెయ్యి మీటర్లు దాటాం, ఇక షోలా అడవే" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. షోలా అంటే ఎత్తైన కొండల మడతల్లో, గడ్డిమైదానాల మధ్య ముక్కలుగా ఉండే పొట్టి సతత హరిత అడవి. బెంగళూరు నగరమే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, మరి ఇక్కడ షోలా ఏది? అదే కుక్కె సుబ్రహ్మణ్య దగ్గర సముద్ర మట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తులోనే, గుడి దాటి కుమార పర్వతం దారి పట్టగానే, పగటిపూట కూడా చీకటిగా ఉండే సతత హరిత అడవి మొదలవుతుంది. బిళిగిరి రంగన కొండల అడుగున, అంటే దాదాపు 600 మీటర్ల దగ్గర, ముళ్ల కంపలు, పొట్టి చెట్లు తప్ప ఏమీ ఉండవు. ఎత్తు తక్కువున్న చోట దట్టమైన అడవి, ఎక్కువున్న చోట కంప. ఈ తిరకాసు అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ఎత్తు చేసేది ప్రధానంగా చలిని పెంచడం. ప్రతి వెయ్యి మీటర్లకు ఇంచుమించు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది, కాబట్టి 1,712 మీటర్ల కుమార పర్వతం కొన బెంగళూరు కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. నీళ్ల లెక్క వేరు. ఏడాది మొత్తం మీద ఎంత వాన పడింది, ఎన్ని నెలలు వాన లేకుండా గడిచాయి, పడిన నీళ్లను ఆ నేల, ఆ మంచు ఎంతకాలం నిలబెట్టాయి, ఈ మూడూ చూడాలి. పొడి నెల అంటే ఏమిటో తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది: ఆ నెల సగటు ఉష్ణోగ్రతను రెండుతో గుణించండి, ఆ నెలలో పడిన వాన మిల్లీమీటర్లలో అంతకంటే తక్కువ ఉంటే అది పొడి నెల. సగటు 25 డిగ్రీలుంటే 50 మిల్లీమీటర్లు గీత అన్నమాట. ఈ లెక్కన బెంగళూరుకు డిసెంబరు నుంచి మార్చి దాకా ఖాయంగా పొడి నెలలే, ఏప్రిల్ అటూ ఇటూ. తమాషా ఏమిటంటే కుక్కె వైపు కూడా పొడి నెలలు దాదాపు అన్నే, కానీ అక్కడ ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్లకు పైగా కుమ్మరిస్తుంది, మనకు వెయ్యి కూడా నిండదు. అంత నీరు తాగిన నేల ఆ నాలుగు నెలలూ చెట్లను ఆకు రాల్చనివ్వకుండా కాపాడుతుంది. పడమటి కనుమల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లేకొద్దీ పొడి నెలలు పెరుగుతూ పోతాయి, దానితో పాటు సతత హరిత అడవిలో చెట్ల రకాలు తగ్గుతూ పోతాయి. వెళ్లబోయే ఊరి నెలవారీ వాన లెక్కలు ముందు రోజే ఆన్‌లైన్‌లో చూసి ఈ చిన్న గుణకారం చేసుకుంటే, బస్సు దిగకముందే అక్కడ ఏ అడవి ఉండొచ్చో ఊహించగలుగుతారు.

ఎప్పుడు వెళ్లాలి

జనం వానలు వెలిశాక వెళ్తారు, అన్నీ పచ్చగా ఉంటాయని. అడవి రకాలు విడదీసి చూడాలంటే అది అంత మంచి కాలం కాదు, ఎందుకంటే అప్పుడు ఆకు రాల్చే చెట్టూ, రాల్చని చెట్టూ ఒకేలా కనిపిస్తాయి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో రోడ్డు మీద నుంచే కొండను చూడండి. బోడిగా, బూడిద రంగులో కనిపించే వాలు ఆకు రాల్చే అడవి. అందులో వాగు వెంట నల్లపచ్చగా గీత గీసినట్టు కనిపించేది నీటి అంచు అడవి. పైన మడతల్లో ముద్దముద్దగా పచ్చగా ఉన్నవి సతత హరితం గానీ షోలా గానీ. ఈ ఒక్క చూపుతో తేలే విషయం నవంబరులో నెల రోజులు తిరిగినా తేలదు.

ఇబ్బందల్లా ఆ నెలల్లో కార్చిచ్చు భయంతో అటవీ శాఖ చాలా దారులు మూసేస్తుంది. కుమార పర్వతం సాధారణంగా వానలయ్యాక తెరిచి వేసవికి ముందు మూసేస్తారు. అందుకని వేసవి చూపును బస్సు వెళ్లే ఘాట్ రోడ్లకు ఉంచుకుని, నడకలను అక్టోబరు నుంచి జనవరి మధ్య పెట్టుకోండి. కర్ణాటకలో ఇప్పుడు చాలా ట్రెక్‌లకు ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోవాలి, రోజుకు ఇంతమందేనని పరిమితి కూడా ఉంటుంది. పులుల అభయారణ్యాల్లో బండి దిగడం నేరం, కాబట్టి అక్కడ కిటికీలోంచి చూడగలిగినంతే. వానాకాలంలో వెళ్తే జలగలు పట్టుకుంటాయి, మోకాలి దాకా వచ్చే జలగ సాక్సులు కొనుక్కుంటే సరి, దానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

లాల్‌బాగ్‌లో ఒక ఉదయం

అడవిలోకి వెళ్లే ముందు లాల్‌బాగ్‌లో ఒక పూట గడపండి. అక్కడ చాలా చెట్లకు పేరు పలకలుంటాయి. పేర్లు బట్టీ పట్టొద్దు, అది వృథా. చేతికీ కంటికీ అలవాటు చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటుగా ఉన్నాయా? ఆకు ఒంటిదా, చింతాకులాగా చిన్నాకులుగా విడిపోయిందా? తుంచితే పాలు కారుతున్నాయా? నలిపితే వాసన ఉందా? బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోందా, మొసలి తోలులా గళ్లుగా పగిలిందా, నున్నగా ఉందా?

ఈ ప్రశ్నలతోనే కొన్ని కుటుంబాలు చటుక్కున దొరికిపోతాయి. నలిపితే బిర్యానీ ఆకు వాసనో దానికి దగ్గరి వాసనో వస్తే దాల్చినచెక్క కుటుంబం, లారేసీ. ఆకులు ఎదురెదురుగా ఉండి, రెండు ఆకుల కాడల మధ్య కొమ్మ మీద చిన్న ముక్కోణపు పొలుసు ఉంటే కాఫీ కుటుంబం, రూబియేసీ. ఎదురెదురు ఆకులే, కానీ ఆకు అంచుకు కాస్త లోపలగా చుట్టూ ఒక ఈనె గీత గీసినట్టు ఉండి, ఎండకు అడ్డం పెడితే సన్నని చుక్కలు కనిపిస్తే నేరేడు కుటుంబం. తెల్లని పాలు కారి, కొమ్మ చివర మొగ్గ సూదిగా తొడుగులో ఉంటే మర్రి, రావి, మేడి బంధువు. చెట్టు మొత్తం పచ్చగా ఉన్నా మధ్యలో ఒకటీ అరా ముదురాకులు ఎర్రగా పండి కనిపిస్తుంటే రుద్రాక్ష బంధువేమో చూడండి. మన కొండల మీద ఎత్తుకు వెళ్లేకొద్దీ లారేసీ, నేరేడు, రుద్రాక్ష, కాఫీ బంధువులే ఎక్కువ తగులుతారు, అందుకని ఈ నాలుగు గుర్తులూ బాగా పనికొస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. లాల్‌బాగ్‌లో మొక్కలు తుంచడం నిషేధం, రాలిన ఆకులతోనే నేర్చుకోండి. అడవిలో బెరడు మీద నల్లటి చారలు కారి ఎండిన చెట్టు కనిపిస్తే అస్సలు ముట్టుకోవద్దు. నల్లజీడి, హొలిగార్నా లాంటి మామిడి కుటుంబపు చెట్ల రసం చర్మం మీద పడితే బొబ్బలు లేస్తాయి, కొంతమందికి వారాల తరబడి తగ్గదు.

బిళిగిరి రంగన కొండలు: ఒకే రోడ్డు మీద చాలా అడవులు

బెంగళూరు నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. కింద 600 మీటర్ల దగ్గర మొదలై కట్టరి బెట్ట దగ్గర 1,800 మీటర్ల దాకా లేచే ఈ కొండలు పడమటి కనుమలకూ తూర్పు కనుమలకూ మధ్య వంతెనలాంటివి. నైరుతి వానలూ, ఈశాన్య వానలూ రెండూ తగులుతాయి. రంగనాథస్వామి గుడికి వెళ్లే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, టికెట్ డబ్బుకు ఇంతకంటే మంచి వృక్షశాస్త్రం క్లాసు దొరకదు.

అడుగున ముళ్లు: తుమ్మ జాతులు, సండ్ర, పరికి, రేగు. చెట్లకు చెట్లకు మధ్య ఖాళీ, నేల ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది. కాస్త ఎక్కగానే చెట్లు పొడుగవుతాయి, ముళ్లు తగ్గుతాయి. చిరుమాను తెల్లటి నున్నటి బెరడుతో దూరం నుంచే తెలిసిపోతుంది, నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు పడి ఉంటుంది, వేగిస, ఉసిరి, అక్కడక్కడ టేకు, శ్రీగంధం. కింద గడ్డి మొలిచేంత వెలుతురు నేల దాకా వస్తుంది. ఇది ఎండు ఆకురాల్చు అడవి. మన ఆంధ్రవాళ్లకు ఇదేమీ కొత్త కాదు, అలిపిరి మెట్ల దారిలో నడిచి తిరుమల వెళ్లినవాళ్లంతా ఇలాంటి అడవినే దాటారు, అక్కడ ఎర్రచందనం తోడవుతుంది, ఇక్కడ అది ఉండదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ప్రధానంగా మన శేషాచలం, నల్లమల వైపు మాత్రమే. అంటే రెండు కొండలు పైపైన ఒకే రకం అడవిలా ఉన్నా, ఒక్క చెట్టు ఉండటం, లేకపోవడం వల్ల సముదాయం పేరు మారిపోతుంది. అడవి రకం అనేది రూపం, సముదాయం అనేది అందులో ఎవరెవరు కలిసి ఉంటున్నారన్న లెక్క. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకా పైకి వెళ్తే తేమ పెరిగి, చెట్ల కొమ్మల మీద పాచి కనిపించడం మొదలవుతుంది, తీగలు లావెక్కుతాయి. తేమ ఆకురాల్చు అడవి, దాని తర్వాత వాగుల వెంట సతత హరితం. ఈ కొండల గిరిజనులైన సోలిగలు పూజించే దొడ్డ సంపిగె అనే బ్రహ్మాండమైన సంపంగి చెట్టు ఉన్నది అలాంటి వాగు పక్కనే. శిఖరాల మీద గడ్డిమైదానాలు, వాటి మడతల్లో షోలా ముక్కలు, గడ్డి మధ్యలో పొట్టి చిట్టీత.

ఇక్కడ ఇంకో పాఠం కూడా ఉంది. చెట్లు కాకుండా కింద పొదలను చూడండి, ఎటు చూసినా లాంటానా కంప. అమెరికా ఖండపు మొక్క, బ్రిటిష్‌వాళ్ల కాలంలో తోటల అందం కోసం వచ్చింది. పూర్వం సోలిగలు ఏటా వేసవి మొదట్లో ఎండుటాకులకు చిన్న మంట పెట్టేవారు, దాన్ని తరగు బెంకి అంటారు. అభయారణ్యమయ్యాక ఆ మంట ఆగిపోయింది. దాని తర్వాతే లాంటానా పెరిగిందని, ఉసిరి చెట్ల కొమ్మల మీద బతికే పరాన్న మొక్క బదనిక కూడా పెరిగిందని సోలిగలు చెబుతారు, శాస్త్రవేత్తలు కూడా ఆ మాటను పట్టించుకుని అధ్యయనాలు చేశారు. నా మట్టుకు నాకు అడవి అంటే మనిషి చెయ్యి పడనిది అన్న నమ్మకం ఈ కొండల దగ్గరే సడలింది. 2011లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటే, అదే ఏడాది సోలిగలకు అటవీ హక్కుల గుర్తింపు కూడా దక్కింది. అవకాశం దొరికితే సోలిగ గైడ్‌తోనే నడవండి, అడగడం మాత్రం "ఈ చెట్టు పేరేంటి" అని కాకుండా "ఇది ఇంకెక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు" అని అడగండి. సముదాయం గురించి అసలు సమాచారం ఆ జవాబులోనే ఉంటుంది.

కుమార పర్వతం: కాళ్లతో కొలిచే నిచ్చెన

కుక్కె నుంచి ఎక్కితే ఒకే దారిలో దాదాపు 1,600 మీటర్లు లేస్తారు. మొదటి భాగం దట్టమైన సతత హరిత అడవి. అక్కడ ఊపిరి అందక ఆగినప్పుడల్లా చుట్టూ చూడండి. లావు చెట్ల మొదళ్లు గోడల్లా విచ్చుకుని ఉంటాయి. ఆకుల కొసలు తోకల్లా సాగి ఉంటాయి, వాన నీరు జారిపోవడానికి. తీగలు మనిషి తొడంత లావున వేలాడుతుంటాయి. నేల మీద గడ్డి ఉండదు, వెలుతురు రాదు కాబట్టి. చెట్టు పైభాగం కనిపించదు, మెడ నొప్పే మిగులుతుంది. అందుకే కింద రాలిన కాయలు, పూలు, ఆకులు చూడటం అలవాటు చేసుకోండి.

దారి మధ్యలో ఉండే భట్టర మనె అనే ఇంటి దగ్గరికి వచ్చేసరికి అడవి తెగిపోయి గడ్డి మొదలవుతుంది. ఇక్కడ తొందరపడి "ఇదే షోలా గడ్డిమైదానం" అనేయకండి. ఈ ఎత్తుల్లోని గడ్డివాలుల్లో చాలావాటిని మంటలు, పశువుల మేత, పలుచని నేల కలిసి గడ్డిగా నిలబెట్టి ఉండొచ్చు. అసలు షోలా తీరు శేష పర్వతం దాటాక కనిపిస్తుంది: గాలి తగిలే వీపుల మీద గడ్డి, మడతలో పొట్టి అడవి, రెండింటికీ మధ్య కత్తితో కోసినట్టు అంచు. ఆ పొట్టి అడవిలోకి దిగండి. చెట్లు పదిహేను మీటర్లు దాటడం అరుదు, తలలు గొడుగుల్లా ఒకే ఎత్తున ఒత్తుకుని ఉంటాయి, ఆకులు చిన్నగా మందంగా ఉంటాయి, చిగుళ్లు ఎర్రగా ఉంటాయి. కింద చూసిన గోడ మొదళ్లు లేవు, లావు తీగలు లేవు. వాటికి బదులు కొమ్మల నిండా నాచు, ఆర్కిడ్లు, ఫెర్న్‌లు. మంచులోంచి నీళ్లు పిండుకునేవి ఇవే. అంటే పైకి వెళ్లేకొద్దీ వైవిధ్యం తగ్గిపోతుందని గుడ్డిగా అనడానికి లేదు. చెట్ల రకాలు తగ్గుతాయి, కొమ్మల మీద బతికే చిన్న మొక్కల రకాలు నడి ఎత్తుల నుంచి బాగా పుంజుకుంటాయి. ఏం లెక్కపెడుతున్నామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎండు కొండల్లో, అంటే బిళిగిరి లాంటి చోట్ల, చెట్ల రకాలు సైతం కింద కంప నుంచి మధ్యలోకి వెళ్లేసరికి పెరిగి ఆ తర్వాత తగ్గుతాయి.

గడ్డీ అడవీ అంత ఖచ్చితంగా ఎందుకు విడిపోతాయంటే ఒక్క కారణం లేదు. నీలగిరుల్లాంటి ఎత్తుల్లో చలికాలపు రాత్రి ఆరుబయట మంచు గడ్డకట్టి, గడ్డిలో మొలిచిన చెట్టు మొలకలను చంపేస్తుంది. గాలి, మంట, మట్టి లోతు కూడా కలుస్తాయి. గడ్డిమైదానమంటే అడవి నరికేసిన బీడు అనుకుని చాలా ఏళ్లు అక్కడ వాటిల్ (ఆస్ట్రేలియా తుమ్మ), యూకలిప్టస్ చెట్లు నాటారు. నీలగిరుల్లోని పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న) మట్టి పొరల్లో, అప్పట్లో గడ్డి ఉందా చెట్లున్నాయా అన్నది చెప్పే కార్బన్ ఐసోటోపులను కొలిచి 1993లో వెలువడిన అధ్యయనం అక్కడ గడ్డీ అడవీ ఇరవై వేల ఏళ్లుగా వాతావరణాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉన్నాయని చూపించింది. ఆ పనిలో మన బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్త కూడా ఉన్నారు. కాబట్టి గడ్డి కనిపిస్తే మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాలనే ఉబలాటం మానుకోండి.

లెక్కపెట్టడం

చూడటం వరకు చాలనుకునేవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. కానీ వైవిధ్యం ఎంతో చెప్పాలంటే లెక్క తప్పదు. అభయారణ్యంలో తాడు పరిచి కొలవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, అది వారాంతంలో తేలే పని కాదు. తెలిసినవాళ్ల కాఫీ తోట, ఊరి పెద్దలు ఒప్పుకుంటే కొడగు వైపు దేవరకాడు (దేవుడి పేరున ఊరు కాపాడుకునే అడవి), ఇలాంటివి చూసుకోండి. కొడగులో దేవరకాడులు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటికి కట్టుబాట్లు కూడా ఉంటాయి, చెప్పులు ఎక్కడ విడవాలో ముందే అడగండి.

కావాల్సినవి నైలాన్ తాడు, దర్జీ టేపు, నోట్‌బుక్, పెన్సిలు. పెన్ను వద్దు, వాన పడితే చెరిగిపోతుంది. ఇరవై మీటర్లకు ఇరవై మీటర్ల చదరం చేయండి. వాలు మీద తాడును నేల వెంట పరిస్తే చదరం చిన్నదైపోతుంది, తాడును గాలిలో మట్టంగా పట్టుకుని ముక్కలు ముక్కలుగా కొలవాలి. లోపల నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టునూ కొలిచి రాయండి. వాలు మీద ఉన్న చెట్టుకు ఆ 1.3 మీటర్లను ఎగువ వైపు నుంచి తీసుకోవాలి. గోడ మొదలు ఉంటే అది అయిపోయిన పైన కొలవాలి. పేరు తెలియకపోతే మీరే పెట్టుకోండి, "ఎర్ర బెరడు పాల చెట్టు", "బిర్యానీ ఆకు రెండోది", ఏదైనా ఫరవాలేదు, ఒకే రకానికి ఒకే పేరు వాడితే చాలు. నిజం చెప్పాలంటే పరిశోధకులు కూడా మొదటి రోజుల్లో చేసేది ఇదే. పొదలకు ఒక మూలన ఐదు మీటర్ల చదరం, చిన్న మొక్కలకు ఒక మీటరు చదరం.

ప్రతి పది చెట్లకూ ఒకసారి, ఇప్పటిదాకా ఎన్ని రకాలు వచ్చాయో పక్కన రాసుకుంటూ వెళ్లండి. ఆ సంఖ్య పెరగడం ఆగిపోతే ఆ చోటును దాదాపు చూసేసినట్టే. ఎండు అడవిలో అది త్వరగా ఆగుతుంది. సతత హరితంలో మీ ఓపిక ముందు ఆగుతుంది. తమిళనాడులోని ముదుమలైలో ఐఐఎస్‌సీవాళ్లు 1988 నుంచి ఒకే చోట 50 హెక్టార్ల అడవిని చెట్టు చెట్టూ లెక్కపెడుతున్నారు, ఆ ఆకురాల్చు అడవి అంతటిలో మాను రకాలు డెబ్భై చిల్లర. అంతే విస్తీర్ణంలో పనామాలోని బారో కొలరాడో ద్వీపపు తడి అడవిలో దాదాపు మూడు వందలు.

రకాల సంఖ్య ఒక్కటే చూసి మోసపోవద్దు. రెండు చదరాల్లోనూ వంద చెట్లు, పది రకాలు ఉన్నాయనుకోండి. ఒకదానిలో ప్రతి రకం నుంచీ పదేసి చెట్లు, ఇంకోదానిలో 91 చెట్లు ఒకే రకం, మిగతా తొమ్మిది రకాలకు ఒక్కొక్క చెట్టు. కళ్లు మూసుకుని రెండు చెట్లు పట్టుకుంటే అవి వేర్వేరు రకాలయ్యే అవకాశం మొదటిదానిలో 0.9, రెండోదానిలో 0.17. సింప్సన్ సూచిక అంటే ఇదే: ఒక్కో రకం వాటాను వర్గం చేసి, అన్నీ కూడి, ఒకటిలోంచి తీసేయడం. ఎక్సెల్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇది చెప్పాల్సిన పని కాదు.

ఇంకో లెక్క, ఎవరిది పెత్తనం అని. చెట్ల సంఖ్య కాదు, కాండం నేల మీద ఆక్రమించే వైశాల్యం చూడాలి. చుట్టుకొలతను వర్గం చేసి 12.57తో భాగించండి. చుట్టుకొలత 90 సెంటీమీటర్లున్న ఒక్క చెట్టు, 30 ఉన్న తొమ్మిది చెట్లతో సమానం. సంఖ్యలోనూ ఈ వైశాల్యంలోనూ ముందున్న రెండు మూడు రకాల పేర్లను కలిపితే అదే మీ సముదాయం పేరు. "చిరుమాను, నల్లమద్ది, టేకు సముదాయం" అన్నట్టు. మన దక్షిణాది అడవుల పటాలు గీసిన పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు కూడా ఇలాగే ముఖ్యమైన జాతుల పేర్లు జోడించి పిలిచారు. అటవీ శాఖ కాగితాల్లో మాత్రం 1968 నాటి చాంపియన్, సేథ్ వర్గీకరణ కనిపిస్తుంది, అందులో వాన, వేడి, రూపాలను బట్టి దేశమంతా 16 పెద్ద గుంపులు. షోలాను వాళ్లు పర్వత తడి సమశీతోష్ణ అడవి కింద పెట్టారు.

రెండు చోట్లను పోల్చాలంటే: రెండింటిలోనూ ఉన్న రకాలను రెట్టింపు చేసి, రెండు చోట్ల రకాల మొత్తంతో భాగించండి. ఒకచోట 18, ఇంకోచోట 22, ఉమ్మడివి 5 అనుకుంటే పదిని నలభైతో భాగిస్తే 0.25. ఇంత తక్కువ వస్తే అవి రెండూ వేర్వేరు సముదాయాలనే అనుకోవచ్చు, ఎత్తు తేడా వంద మీటర్లే అయినా సరే.

బోల్తా కొట్టించే చోట్లు

నంది కొండ. 1,478 మీటర్లు, మబ్బులు, నాచు పట్టిన చెట్లు, కింద కాఫీ మొక్కలు, చూడగానే మబ్బు అడవి అనిపిస్తుంది. కానీ పైనున్న ఆ తోపులో చాలా భాగం మనుషులు నాటిందీ, నాటిన చెట్ల కింద పెరిగిందీ. పరాయి చెట్లు, మన చెట్లు కలగలిసి ఉంటాయి. మంచు నుంచి నీళ్లు ఎలా దిగుతాయో చూడటానికి బాగుంటుంది, సహజ సముదాయం ఇదీ అని రాసుకోవడానికి పనికిరాదు. సముదాయం చూడాలంటే పైకి వెళ్లే మెట్ల పక్కన రాళ్ల సందుల్లోని కంపలే నయం.

చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో పైన పెద్ద చెట్లు పాతవే ఉండొచ్చు, అందువల్ల చెట్ల లెక్క గొప్పగా వస్తుంది, కానీ వాటి పిల్లలు కింద ఎక్కడున్నాయో వెతకండి. ఉండవు, అక్కడంతా కాఫీయే. సిల్వర్ ఓక్ వరుసగా కనిపిస్తే అది ఆస్ట్రేలియా చెట్టు, నీడకూ మిరియం తీగకూ నాటింది. ఏ చోటైనా సరే, చెట్లన్నీ ఒకే లావున, ఒకే దూరంలో ఉంటే అనుమానించండి.

ఫొటోల విషయం. ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు, కానీ దూరం నుంచి తీసిన చెట్టు ఫొటోకు ఎవరూ ఏమీ చెప్పలేరు. బెరడు ఒకటి, కొమ్మకు ఆకులు అతుక్కున్న తీరు ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి, కింద రాలిన పువ్వో కాయో పక్కన నాణెం పెట్టి ఒకటి, ఈ నాలుగూ ఉండాలి. యాప్ దానంతట అది చూపించే పేరును నమ్మేయకండి, నేరేడు బంధువుల్లో అది తరచూ తడబడుతుంది. శ్రీగంధం, ఎర్రచందనం, అరుదైన ఆర్కిడ్లు దొరికితే అప్‌లోడ్ చేసేటప్పుడు లొకేషన్‌ను దాచే సెట్టింగ్ పెట్టండి, వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఫొటోలోంచి జీపీఎస్ వివరాలు కూడా తీసేయండి. దొంగలు కూడా ఆ గ్రూపుల్లోనే ఉంటారు.